డార్సీ అల్లిన తీగ

ఆ ఉదయం తూర్పున ముగ్గురు సూర్యుళ్ళు లేచారు. నడిమివాడు అసలువాడు. అటూ ఇటూ ఉన్నవి గాలిలో తేలే మంచుపొడి మీద పడ్డ వెలుగు. చలి బాగా ముదిరితే ఆ మైదానంలో అలా కనిపిస్తుంది. ట్రక్కు ఇంజను వేడెక్కేదాకా మైరన్ వాకిట్లో నిలబడి చూశాడు. మూడూ ఒక్క తీరునే మెరుస్తున్నాయి. అసలుదేదో ముందే తెలిసి ఉంటే తప్ప పోల్చుకోలేం.

కూతురు జనెల్ మడిచిన కాగితం ఒకటి కోటు జేబులో పెట్టుకుని వచ్చి ఎక్కింది. ఆ కాగితం మూడు వారాలుగా వంటింటి బల్ల మీదే ఉంది. కొట్టేసినవీ, మళ్ళీ రాసినవీ, పక్కన ప్రశ్న గుర్తులూ. ఆట ఆడుతూనే ఆ ఆటని నెట్‌లో నలుగురికీ చూపించాలంటే ఏ ప్రాసెసర్ కావాలి, ఏ గ్రాఫిక్స్ కార్డు కావాలి, వాటి ఆకలి తీర్చడానికి ఎంత పెద్ద పవర్ సప్లై కావాలి. అంతా అందులో ఉంది.

కంప్యూటర్ ఆమె అన్న డార్సీది. పగలంతా పొలంలో ట్రాక్టర్ నడిపి వచ్చి, సాయంత్రం తెర మీద మళ్ళీ ట్రాక్టర్ ఆటే ఆడేవాడు. "జీతం లేని ఓవర్‌టైమా ఇది?" అనేవాడు మైరన్. వాడు ఆడుతూ మాట్లాడే మాటలు వినడానికి నలభై మంది దాకా చేరేవాళ్ళు. కిందటి మార్చిలో మంచుగాలి హైవేని కమ్మేసిన రోజు డార్సీ తిరిగి రాలేదు. నెట్‌లో ఉన్న వాడి వీడియోలు కొన్నాళ్ళకి వాటంతటవే చెరిగిపోయాయి. మూడేళ్ళ రికార్డింగులు ఆ కంప్యూటర్ పెట్టెలోని హార్డ్ డిస్క్‌లో మాత్రమే మిగిలాయి. శరదృతువులో పెట్టెలోని పవర్ సప్లై చచ్చిపోయింది.

రేపు డార్సీ పుట్టినరోజు. వాడి గొంతు వినిపిస్తానని జనెల్ ఆ నలభై మందికీ మాటిచ్చింది.

"ఆ డిస్క్ ఊడదీసి నీ ల్యాప్‌టాప్‌కి తగిలించి వినలేమా?" అన్నాడు మైరన్, ఊరు దాటాక.

"వినొచ్చు. కానీ వాడి పెట్టెలోంచే వినాలి నాన్నా. వాడు కట్టుకున్న పెట్టె అది."

మైరన్ గేరు మార్చాడు.

సాస్కటూన్ పట్నంలో షాపువాడు గడ్డం కుర్రాడు. జనెల్ కాగితం చూసి, "మంచి లిస్టండీ, నేను మార్చాల్సిందేం లేదు" అన్నాడు. గ్రాఫిక్స్ కార్డు బల్ల మీద పెడితే ఇటుకంత ఉంది. దాని పొడవుని మైరన్ జానతో కొలిచాడు.

"ఇది మన పెట్టెలో పట్టదమ్మా."

"లోపల ముందున్న ఖాళీ ఇనుప బోను తీసేస్తే పడుతుంది నాన్నా. కొలిచే రాశాను. ఇది నీ కోతల కంబైన్ కాదు."

షాపువాడు నవ్వు దాచుకోవడానికి కిందికి చూశాడు. మైరన్ చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

చివరికి పవర్ సప్లై దగ్గరికి వచ్చారు. "పాతదీ ఈ కంపెనీదే. ఇదే ఇవ్వండి" అంది జనెల్.

"తీగలన్నీ డబ్బాలోనే ఉన్నాయండీ."

"ఒకటి నా దగ్గరుంది. మా అన్న అల్లింది."

షాపువాడు తలెత్తి ఏదో అనబోయాడు. ఈలోగా ఫోను మోగింది. అటు తిరిగాడు. అది మైరన్ ఒక్కడే చూశాడు.

మధ్యాహ్నం వంటింటి బల్ల మీద పని మొదలైంది. ఆ చలికాలంలో ఇంట్లో గాలి ఎండిపోయి, తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కుమని నిప్పురవ్వ లేస్తుంది. ఆ రవ్వ చాలు చిప్పుని చంపడానికి. అందుకని జనెల్ మేజోళ్ళు విప్పి, మణికట్టుకి పట్టీ కట్టుకుని, దాని తీగని పెట్టె ఇనుముకి తగిలించింది. ఎవరూ తివాచీ మీద నడవొద్దంది.

"మరి నేను పొయ్యి దగ్గరికి ఎగిరి వెళ్ళాలా?" అంది తల్లి వెర్నా, పిండి చేతులతో.

"చెప్పులు విప్పి గోడ పక్కనుంచి రా అమ్మా."

"నా వంటింట్లో నాకే హద్దులు" అని గొణుగుతూనే వెర్నా చెప్పులు విప్పింది.

కార్డు కూర్చుంది. జనెల్ చెప్పినట్టే వేలెడు ఖాళీ మిగిలింది. ఒక్కొక్క తీగా కొత్త డబ్బాలోంచి తీసి తగిలించింది. ఆఖరిది హార్డ్ డిస్క్‌కి వెళ్ళే తీగ. దానికోసం ఆమె కొత్తది పక్కన పెట్టి, జేబులోంచి డార్సీది తీసింది. రెండు చలికాలాల కిందట ఈ బల్ల దగ్గరే కూర్చుని, తన ఫుట్‌బాల్ జట్టు రంగులైన ఆకుపచ్చా తెలుపూ దారాలతో ఒక్కొక్క తీగకీ తొడుగు అల్లాడు వాడు. పెట్టె పక్కనున్న గాజులోంచి అందరికీ కనపడాలని.

కొత్త తీగ మైరన్ ముందు పడి ఉంది. దాని ప్లగ్గుకి ఆరు చిల్లులు. ఐదింటిలో తీగలున్నాయి, ఒకటి ఖాళీ. ఖాళీ చిల్లు కింది వరసలో మూలన ఉంది. మైరన్ జనెల్ చేతిలోకి చూశాడు. డార్సీ తీగకీ అలాంటి ప్లగ్గే. దాని ఖాళీ చిల్లు పై వరసలో నడుమ ఉంది.

అతను ముప్పై ఏళ్ళు ట్రెయిలర్ల దీపాల ప్లగ్గులు ట్రక్కులకి తగిలించినవాడు. ప్లగ్గు చక్కగా కూర్చుంటుంది. బ్రేకు తొక్కితే ఎడమ మలుపు దీపం వెలుగుతుంది. ప్లగ్గు ఒకటే అయినంత మాత్రాన లోపలి వరస ఒకటి కాదు. ఇందులోనూ అంతేనేమో. కాకపోవచ్చు కూడా. ఇది కంబైన్ కాదు.

"జనెల్" అన్నాడు.

"ఊఁ?"

"ఆ తీగ..."

ఆమె తలెత్తింది. మార్చి తర్వాత మొదటిసారి ఆ మొహంలో నవ్వు కనిపించింది. "డార్సీదే నాన్నా. మొత్తం పెట్టెలో నేను ఎంచనిది ఇదొక్కటే. బావుంది కదూ?"

మైరన్ తన ముందున్న కొత్త తీగని పక్కకి జరిపాడు.

"బావుంది" అన్నాడు.

ప్లగ్గు టక్కున కూర్చుంది. జనెల్ మీట నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి, లోపల నీలం దీపాలు వెలిగాయి. వెర్నా చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. "మాట్లాడతాడా ఇప్పుడు?"

డిస్క్‌లోంచి గోరు విరిగినట్టు చిన్న చప్పుడు. గాజు వెనక దారంలా పొగ లేచింది. కాలిన వాసన పొయ్యి మీది ఉల్లిపాయల వాసనని మింగేసింది. జనెల్ గోడ దగ్గరికి తివాచీ మీదుగానే పరిగెత్తి కరెంటు పీకేసింది.

తర్వాత ఆమె డార్సీ తీగ ఊడదీసి, కొత్త తీగ పక్కన పెట్టి, రెండు ప్లగ్గులూ కిటికీ వెలుగులో తిప్పి చూసింది.

"ఖాళీ వేరే చోట ఉంది" అంది మెల్లగా. "కంపెనీ ఒకటే కదా అనుకున్నాను."

"ఇంకోసారి పెట్టి చూడవే" అంది వెర్నా.

"లేదమ్మా. ఐదు వోల్టులు వెళ్ళాల్సిన చోట పన్నెండు వెళ్ళాయి. టొరంటోలో ఇలాంటి డిస్కులు విప్పి లోపలివి బయటికి తీసేవాళ్ళున్నారట. కొన్నిటిలోంచి వస్తాయి. కొన్నిటిలోంచి ఏమీ రావు."

వెర్నా కుర్చీ పట్టుకుని కూర్చుంది. చెప్పులు వేసుకోవడం మర్చిపోయింది.

కిటికీ అవతల ముగ్గురు సూర్యుళ్ళూ పడమటికి దిగారు. పక్కవి రెండూ ముందు ఆరిపోయాయి.

"నాన్నా" అంది జనెల్, ప్లగ్గుల మీంచి చూపు తిప్పకుండానే. "ఇందాక తీగ గురించి ఏదో అనబోయావు."

మైరన్ తన చేతులు చూసుకున్నాడు.

"బావుందన్నాను" అన్నాడు.

ఆమె తలెత్తి అతన్ని చూసింది. కొంచెం ఎక్కువసేపే చూసింది.

ఐదింటికి వెర్నా బంగాళాదుంప కూరిన పెరోగీలు ఉడికించి, వేయించిన ఉల్లిపాయలు పైన వేసి తెచ్చింది. బల్ల మీద పెట్టె అలాగే ఉండడంతో పళ్ళేలు ఓ చివరికి జరిపింది. ముగ్గురూ కూర్చున్నారు. డార్సీ అల్లిన తీగ మైరన్ పళ్ళెం పక్కనే పడి ఉంది. ఎవరూ దాన్ని తియ్యలేదు. పుల్లటి మీగడ గిన్నె ఒకరి దగ్గర్నుంచి ఒకరికి వెళ్ళింది.