కాళ్ళు తెగిన గుర్రం

బ్రొగిమార్ ఇరవై ఏళ్ళుగా దొర నెమెత్‌కు నాణేల అచ్చులు చెక్కుతున్నాడు. గ్రీకుల వెండి నాణెం ముందు పెట్టుకుని, దాని మీది గడ్డం దేవుణ్ణి, గుర్రాన్ని, రౌతును వెంట్రుకవాసి తేడా రాకుండా దించేవాడు. పెళ్ళాం తమ్ముడు వెనిసమ్ ఉలి పట్టేదాకా కోట ఊళ్ళో అతనికి సాటి లేదు.

ఆ కుర్రకుంక రౌతును తీసి పారేశాడు. జూలుకు నాలుగు చుక్కలు పెట్టి, మెడను ఒక్క వంపులో తేల్చేశాడు. అది గుర్రమా, లద్దె కుప్పా అని బ్రొగిమార్ ఊరంతా తిరిగి వెక్కిరించాడు. ఎవరూ నవ్వలేదు. పైగా సొంత పెళ్ళామే తమ్ముడి నాణేన్ని మెళ్ళో వేసుకుని తిరిగింది. బ్రొగిమార్‌కు కడుపు మండిపోయింది.

చివరికి దొర ఒక మాట తేల్చి చెప్పాడు. కోతల తర్వాత జరిగే సభలో ఇద్దరి అచ్చులతోనూ నాణేలు కొట్టి చూస్తారు. యోధులు మెచ్చినవాడికి ఉలి, రెండోవాడికి సమ్మెట. బావమరిది చెక్కిన అచ్చు మీద తాను సమ్మెట కొట్టడమా? బ్రొగిమార్‌కు ఆ తలపుతోనే తిండి సయించలేదు.

సభ రోజు మధ్యాహ్నం వెనిసమ్ అచ్చును గుడ్డలో చుట్టిపెట్టి ఏటికి స్నానానికి వెళ్ళాడు. బ్రొగిమార్ అతని పనిగదిలో దూరి, తనకు వాటమైన ఎడమచేత్తో ఉలి పట్టి, గుర్రం కాళ్ళకూ ఒంటికీ మధ్యనున్న గీతలను కసిగా చెరిపేశాడు. కసి తీరక కంటిని కూడా పొడిచి పెద్ద గుంట చేశాడు.

సభలో బ్రొగిమార్ నాణేన్ని చూసి బాగుందన్నారు. వెనిసమ్ నాణేన్ని మాత్రం ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూశారు. దొర దాన్ని ఎండకు పట్టి చాలాసేపు చూశాడు.

"కాళ్ళు ఒంటికి అంటలేదు, అందుకే పరిగెడుతోందిరా ఇది. నా జన్మలో ఇలాంటి గుర్రాన్ని చూడలేదు."

వెనిసమ్ నాణేన్ని అటూ ఇటూ తిప్పాడు. ఆ ఉలి దెబ్బల్లో బావ ఎడమచేతి వాటాన్ని ఇట్టే గుర్తుపట్టాడు. అందరూ వినేలా అడిగాడు.

"బావా, ఈ కాళ్ళు నువ్వు చెక్కినవే కదా? చెప్పు, ఉలి నీకే ఇస్తారు."

ఔనంటే చాలు. ఇరవై ఏళ్ళలో తాను చేసిన పనుల్లో గొప్పది అదేనని బ్రొగిమార్‌కు ఆ క్షణంలోనే తెలిసింది. కానీ ఇచ్చేవాడు వెనిసమ్. ఆ జాలి చూపు చూడగానే ఒళ్ళంతా భగ్గుమంది.

"నీ దానం నాకక్కర్లేదురా. నీ వంకర గుర్రాన్ని నేనెందుకు ముట్టుకుంటాను?"

వెనిసమ్ నిట్టూర్చి ఉలి అందుకున్నాడు. బ్రొగిమార్ సమ్మెట ఎత్తి, తన గుర్రం మీద మొదటి దెబ్బ వేశాడు.