దొరికిన తెడ్డు

కార్తీకమేఘములు కడలిపై క్రుంగి తుపాను శేషగర్జనములతో విశాఖతీరమును వణికించుచున్న ఆ సాయంసమయమున దీపతోరణాలంకృతమైన కళామందిరమందు “దొంగ! దొంగ!” అను కేక చెలరేగెను. విశ్వసంస్కృతిసంధాయకుడని తనకు తానే బిరుదు తగిలించుకొనిన ఉదయనవర్మ ఆఫ్రికా డప్పును చీనా పింగాణిపాత్రను అరబ్బు లాంతరును ఇనుపతీగలతో బంధించి వాని నడుమ నిలిపిన కొయ్యతెడ్డు ఆవిష్కరణకు ముందే మాయమయ్యెను.

ఇన్‌స్పెక్టరు విశాలాక్షి వచ్చునప్పటికి ఆ తెడ్డును కౌగిలించుకొనిన జాలరి ముదుసలి పైడమ్మను కావలివారు మెట్లకడ పట్టియుండిరి.

“నానే తీసినాను తల్లీ! మాది ముత్తేలపేట. సేపల యేటకెల్లినోల్లు తిరిగొచ్చీదాకా ఒడ్డున తెడ్డు పాతి పసుపు రాస్తాం. అది ఊడిపోతే ఆల్లింక లేరని లెక్క. నా కొడుకింకా సంద్రంలోనే ఉన్నాడు. పొద్దుగూకేలోగా తెడ్డు మల్లీ పాతకపోతే కోడలి గాజులు పగలగొట్టేస్తారు. నన్నొదిలెయ్యమ్మా!”

ఉదయనవర్మ పట్టుకండువా సవరించుకొని పెదవి విరిచెను. “ఈమె ప్రలాపములకేమి! ఇది తీరమున నాకు దొరికిన వస్తువు. దొరికిన వస్తువులే మా కళకు ప్రాణము.”

“పడి ఉందా, నిలబడి ఉందా?” అని విశాలాక్షి యడిగెను.

“నిలిచియుండెను! ఇసుకలో లోతుగా నాటుకొనియుండగా ఈ చేతులతోనే పెకలించితిని. పసుపింకను తడి యారలేదు. అనామకుని వర్ణస్పృహ యెంత యద్భుతము!”

అర్థముకాని మాటకు ఆనందించుటయే విద్వత్తని నమ్మిన అతిథిబృందము చప్పట్లు చరచెను.

“అది నా కోడలు రాసిన పసుపురా సచ్చినోడా! నీ బొమ్మలకొలువుకి మా తెడ్డే దొరికిందేటి?”

పాత ఇనుపసామానులవాడైనను ఇంటివారి నడుగక గరిటె తాకడని విశాలాక్షి తలచెను. లోకసంస్కృతుల నెల్ల ముడివేయ బయలుదేరిన ఈ మహానుభావునికి కూతవేటుదూరమందలి పేటవారిని ఒక్కమాట అడుగుటకు నోరు రాలేదు! ఆమె పడమటి దిక్కు చూచెను. ఎఱ్ఱని వెలుగు ఇంకను మిగిలియుండెను.

“జీపెక్కమ్మా. తెడ్డు జాగ్రత్త.”

“దొంగను విడిచిపుచ్చుదురా!” అని ఉదయనవర్మ గర్జించెను.

“వదలనండీ. మీకు వస్తువు దొరికింది. నాకు దొంగ దొరికాడు.”

“ఎవరు మేడమ్?” అని వెంట వచ్చిన కానిస్టేబులు అడిగెను.

ఆమె సభ యెల్ల వినునట్లు పలికెను.

“ఉదయనవర్మ.”