గోరుతో గీరి చూడండి

చెట్ల విషయంలో వెర్లిన్ మాటకి ఆ ఊళ్ళో ఎదురు లేదు. మిన్నెసోటా దక్షిణాన ఉన్న ఆ చిన్న ఊరి శనివారం సంతలో పన్నెండేళ్ళుగా సలహాల బల్ల వేసుకుని కూర్చుంటున్నాడు. బల్ల మీది అట్టముక్క మీద రాత కూడా తనదే: "నరికే ముందు బెరడు గోరుతో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికున్నట్టే."

అలాంటివాడు పక్కింటి ఆర్లిస్ చెట్టుని గీరకుండానే నరికేశాడు.

అది డాన్ రెడ్‌వుడ్ అనే సూదాకుల చెట్టు. ఆ చలికి బతకదని అందరూ అంటుంటే ఆవిడ భర్త ఓర్వల్ పంతం పట్టి నాటాడు. అక్టోబరు రాగానే మొదలు నుంచి కొస దాకా గోనెపట్టా చుట్టేసేవాడు కాబట్టి, లోపల అది ఏమవుతుందో వెర్లిన్ ఎన్నడూ చూడలేదు. కిందటి వేసవిలో ఓర్వల్ పోయాడు. చెట్టేమో చుట్టడానికి అందనంత పెరిగింది. చలికాలానికి అరిజోనాలో చెల్లెలి దగ్గరికి వెళ్తూ ఆర్లిస్ దాన్ని వెర్లిన్‌కి అప్పజెప్పింది.

"చలికాలంలో అది..." అని ఆవిడ ఏదో చెప్పబోతే, "చెట్ల గురించి నాకా చెప్తున్నారు?" అని నవ్వేశాడు.

నవంబరులో దాని సూదాకులన్నీ తుప్పురంగు తిరిగి రాలిపోయాయి. సూదాకుల చెట్లు మామూలుగా ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి కాబట్టి చచ్చిందనే అనుకున్నాడు. వచ్చి ఎండుకట్టెని చూసి ఆవిడ బాధపడకూడదని మార్చిలో రంపం పట్టుకెళ్ళాడు. రంపం సగానికి పైగా దిగాక తడి పొట్టు చేతికంటుకుంది. ఊరవతల చిత్తడిలో టామరాక్ చెట్లు, అవీ సూదాకులవే, ఏటా ఇలాగే ఆకు రాల్చి మళ్ళీ చిగురిస్తాయని అప్పుడు గుర్తొచ్చింది. ఆ సంగతి బళ్ళో పిల్లలకి ఏటా చెప్పేది తనే. సిగ్గుతో చితికిపోయాడు.

ఏప్రిల్లో ఆర్లిస్ తిరిగొస్తే, "చలి తినేసిందండీ" అన్నాడు.

"పాపం, శ్రమపడ్డావు" అందావిడ. మర్నాడు పళ్ళెం నిండా నిమ్మకాయ బార్లు, తన చేత్తో చేసిన తీపి ముక్కలు, పంపింది. ఒకటి కొరికి పక్కన పెట్టేశాడు. పళ్ళెం తిరిగివ్వడానికి కూడా ముఖం చెల్లలేదు.

జూన్‌లో ఒక శనివారం సలహాల బల్ల ముందు వరసలో ఆర్లిస్ కనబడింది. తన వంతు రాగానే చేతిరుమాలు విప్పి లేత చిగురొకటి బల్ల మీద పెట్టింది.

"ఏమయ్యా వెర్లిన్, చలి తినేసిన చెట్టు మళ్ళీ చిగురు వేస్తుందా?"

వెనకున్నవాళ్ళు మెడలు సాచారు. వెర్లిన్ చెవులు కాలిపోయాయి.

"చలి కాదండీ. బతికున్నదాన్ని నేనే నరికేశాను. గీరి చూడలేదు. మీకు అబద్ధం చెప్పాను."

"తెలుసు. వచ్చిన రోజే మొద్దు గీరి చూశాను."

"మరి ఆ బార్లు ఎందుకు పంపారు?"

"పళ్ళెం తిరిగివ్వడానికొచ్చినప్పుడైనా చెప్తావనుకున్నానయ్యా" అని ఆర్లిస్ చిగురుని మళ్ళీ రుమాలులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ వెనకున్నాయన ఎండు కొమ్మ పట్టుకుని ముందుకొచ్చాడు. వెర్లిన్ చెయ్యి చాచాడు. ఆయన కొమ్మ ఇవ్వలేదు. అట్టముక్క మీది రాత చదువుకుని తనే గోరుతో గీరి చూసుకున్నాడు.