ముప్పై అంగుళాల అట్ట

కత్తెర మేస్త్రీ నోరు విప్పడం అరుదు. కుట్టుపని షెడ్డులో అతనికి మూగమేస్త్రీ అనే పేరు స్థిరపడిపోయింది. యుద్ధం మొదలైనప్పటి నుంచీ సైనికుల చొక్కాలకు గుడ్డ కోయడం, కోసిన గుడ్డ లోపల కొలత అంకె ఇంకుతో వేయడం అతని పని. బల్ల వెనక గోడకు మేకులు, మేకులకు కొలతల అట్టలు. మొదటి ఏడు ఛాతీ నలభై, ముప్పై ఎనిమిదితో సరిపోయింది. రెండో ఏడు ముప్పై నాలుగుకి దిగింది. మొన్న చలికాలంలో ముప్పైకి అట్ట కోసి, కొత్త మేకు కొట్టాడు.

కొడుతున్నప్పుడే అతనికి తెలిసిపోయింది. అది ఇంకా మీసం మొలవని ఒంటి కొలత.

వారం తిరక్కుండా మంత్రి షెడ్డు చూడటానికి వచ్చాడు. మిషన్లు ఆపి అందరూ లేచి నిలబడ్డారు.

"ఇరవై నిండని వాణ్ణి ఒక్కణ్ణి కూడా యుద్ధానికి పంపలేదు, పంపం. అనుమానాలుంటే అడగండి. అడగడం మీ హక్కు," అన్నాడు మంత్రి.

పక్కన గుండీలకు కాజాలు కుట్టే ఆయన మోచేత్తో పొడిచాడు. "అడుగు మేస్త్రీ. అట్టలు కోసేది నువ్వేగా."

"నువ్వడగరాదూ?"

"నాకు పెళ్ళాం పిల్లలున్నారయ్యా."

"నేనేమన్నా చెట్టుకు కాశానా?"

అడగాల్సింది మేస్త్రీ నాలుక చివరనే ఉంది. మంత్రి బల్ల దగ్గరికొచ్చి, కత్తెర చేతిలోకి తీసుకుని చూసి, మంచి పదునుందని అతని భుజం తట్టాడు. మేస్త్రీ తల వంచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తనూ కొట్టాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి చెల్లెలు గడపలో కూర్చుని ఉంది. ఆమె కొడుక్కి పదిహేడు. సైన్యంలో పేరు రాయించుకోవడానికి రమ్మని కాగితం వచ్చింది.

"పేరు రాసుకుంటారంతే, ఇరవై నిండాకే తీసుకెళ్తారంటున్నారు అన్నయ్యా. నిజమేనా? కాదంటే చెప్పు, పొద్దున్నే వాణ్ణి కొండ అవతల మా ఆడపడుచు ఇంటికి పంపేస్తాను."

మేస్త్రీ చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

"మంత్రి అందరి ముందూ చెప్పాడమ్మా."

"ఎవరూ ఏమీ అడగలేదా?"

"లేదు."

"ఇంతమందిలో ఒక్కరికీ అనుమానం రాలేదంటే నిజమే అయి ఉంటుందిలే," అని ఆమె కుదుటపడి లేచింది.

నాలుగు నెలలకు చావు కబురు, దాని వెనకే పిల్లాడి సామాన్ల పెట్టె వచ్చాయి. చెల్లెలు అందులోని చొక్కా తెచ్చి మేస్త్రీ ముందు పరిచింది. లోపలి మడతలో ముప్పై అని ఇంకుతో ఉంది. సున్నాకు చిన్న తోక.

"సున్నాకు తోక పెట్టేది నువ్వేగా అన్నయ్యా?"

"నేనే."

"ఈ కొలత ఎప్పటి నుంచి కోస్తున్నావు?"

అబద్ధం ఆడొచ్చు. ఆడలేకపోయాడు.

"మంత్రి రాకముందు నుంచీ."

ఆమె చొక్కా చేతులు లోపలికి పెట్టి, ఇంట్లో బట్టలు మడిచినట్టే మడిచింది. చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత అతని గడప తొక్కలేదు.

వానాకాలంలో మంత్రి మళ్లీ వచ్చాడు. అవే మాటలు చెప్పాడు. అడగండి అన్నాడు. మేస్త్రీ వెనక్కి తిరిగి మేకు నుంచి అట్ట తీసుకుని ముందుకొచ్చాడు.

"ఇరవై నిండినవాళ్ళే అయితే, ఈ ముప్పై అంగుళాల చొక్కా ఎవరికండీ?"

ఒక్క ఊపిరిలో అయిపోయింది. ఇంత చిన్న మాటా, ఆనాడు పెదవి దాటనిది అనుకున్నాడు. కాజాలాయన ఈసారి పొడవలేదు, నేల చూస్తున్నాడు.

మంత్రి నవ్వు తగ్గించి, మెల్లగా అడిగాడు. "మీ వాళ్ళెవరైనా సైన్యంలో ఉన్నారా?"

"ఉండేవాడండీ," అన్నాడు మేస్త్రీ. అట్ట మాత్రం దించలేదు.