వీరప్ప ఫోనుకొచ్చిన మూడు వందల మెసేజీలు

2009 జూన్. వాన పడి రెండు రోజులైంది. కళ్యాణదుర్గం రైతుసంఘం ఆఫీసు ముందు వేరుశెనగ విత్తనాల కోసం మూడు వందల మంది క్యూ కట్టారు. నేలలో పదును ఆరిపోయేలోగా విత్తుకోవాలి మరి! ఎవరూ ఎండలో సోలిపోకుండా, ఎవరు ఏ రోజు ఏ గంటకు రావాలో వాళ్ల ఫోనుకే మెసేజీ పంపే వెబ్ అప్లికేషన్ రాసింది మల్లీశ్వరి. గొర్రెలు మేపే వీరప్ప కూతురు, ఎంసీఏ చదివిన పిల్ల. పొద్దున పదింటికి మీట నొక్కింది.

ఒక్క ఫోనూ మోగలేదు.

"ఏమప్పా, కంప్యూటరు నిద్రపోతాందా?" క్యూలోంచి ఓబులేష్ అరిచాడు.

సంఘం అధ్యక్షుడు గంగాధరప్ప మొహం మాడ్చుకున్నాడు. "అరగంట సూస్తా పాపా. అయితే అయినాది, లేకుంటే దీన్ని మూలన పెట్టి, ఎప్పట్లాగ క్యూలోనే పంచుతా."

మల్లీశ్వరి కంప్యూటరు వైపు తిరిగింది. తెర మీద మూడు వందల పన్నెండు మెసేజీలు వెళ్లినట్టే ఉంది. మరి ఎక్కడ, గాల్లో కలిశాయా? ఆరు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా? ప్రోగ్రాం అంతా పైనుంచి కిందికి చదివింది. తప్పు దొరికితే ఒట్టు!

అంతలో షేర్ ఆటో ఆగింది. వీరప్ప దిగాడు, ఫోనును తువ్వాలులో చుట్టి, తేలును పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని.

"మల్లీ! దీనికి దయ్యం పట్టినాదే! పదింటి నుంచి ఒగటే మోత. ఊరోళ్ల పేర్లన్నీ దీంట్లోకే వస్తాండాయంట, పక్కింటి ఆంజినప్ప సదివి సెప్పినాడు. గొర్రెలు బెదిరి నీ మల్బరీ తోటలో పడినాయి గంగాధరన్నా, ఏమనుకోవద్దు!"

మల్లీశ్వరి నెత్తి కొట్టుకుంది. వాళ్ల ఇంటికంతా ఉన్నది నాయన ఫోను ఒక్కటే. ఇంట్లో ప్రోగ్రాంను సరిచూసుకునేటప్పుడు ఊరి జనానికి ఉత్తుత్తి మెసేజీలు పోకూడదని, అన్నీ ఆ నంబరుకే వెళ్లేలా పెట్టుకుంది. ఆ సంగతి ప్రోగ్రాంలో ఉండదు. కంప్యూటర్లో విడిగా, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఉంటుంది. ఇది పరీక్షా, అసలు పనా అన్నది ప్రోగ్రాం మొదలవగానే అక్కడ చూసుకుంటుంది. ఈ మహాతల్లి ఇంటి సెట్టింగులన్నీ తెచ్చి ఆఫీసు కంప్యూటర్లో అలాగే దింపేసింది! ఇక ప్రోగ్రాంను వందసార్లు చదివితే మాత్రం ఏం దొరుకుతుంది?

"మళ్లీ అంతా రాయల్లా?" గంగాధరప్ప గడియారం చూశాడు.

"ప్రోగ్రాంలో ఒక్క అక్షరం ముట్టుకునే పనిల్యా మామా."

'పరీక్ష' అని ఉన్నచోట 'అసలు' అని పెట్టి, ప్రోగ్రాంను ఆపి మళ్లీ నడిపింది. మీట నొక్కింది.

బయట ఒక ఫోను మోగింది. ఆ వెనకే నాలుగు. ఆ తర్వాత లెక్కేముంది, జాతరే! ఓబులేష్ ఫోను పైకెత్తి ఈల వేశాడు. మల్లీశ్వరికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

క్యూలో అందరికంటే ముందున్న ముసలి మారెక్క కిటికీలోంచి ఫోను చాపింది. "ఏమొచ్చినాదో సదువు తల్లీ."

"మారెక్క గారూ, గురువారం ఉదయం తొమ్మిదికి రండి. మీ విత్తనాల మూట మీ పేరుతో పక్కన పెట్టాం."

"నా పేరు రాసుండాదా? నాకని పెట్టినారా?"

రెండోసారి చదివించుకుంది. మూడోసారీ చదివించుకుంది. ఇరవై ఏళ్లుగా కోడి కూయకముందే వచ్చి కూర్చుని, ఎన్నోసార్లు వట్టి చేతులతో తిరిగిపోయిన మనిషి.

"అట్లయితే ఇంగ ఈడ నాకేం పని?" అంటూ మోకాళ్లు పట్టుకుని లేచి, క్యూలో మొట్టమొదటి చోటు వదిలేసి, నవ్వుకుంటూ ఇంటిదారి పట్టింది.