బతికున్నట్టు కాగితం

"భూమి గొడవా, ఇంటి గొడవా, ఇంకేదైనానా?"

పట్నంలో లా కాలేజీ గేటు దగ్గర నిలబడి బెర్తో వచ్చినవాళ్లందరినీ ఇదే అడుగుతున్నాడు. శనివారం పూట లోపల ఉచితంగా న్యాయసలహా ఇస్తారు. భూమి అన్నవాళ్లను ఎడమ బల్ల మీద, ఇల్లు అన్నవాళ్లను కుడి బల్ల మీద, ఎటూ తేల్చుకోలేనివాళ్లను మంచినీళ్ల డబ్బా పక్కన కూర్చోబెట్టడం అతని పని. పొట్టి మనిషి. భుజాలు జారిపోయి, కాలేజీవాళ్లిచ్చిన నీలం చొక్కా ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు వేలాడుతుంటుంది. ఎడమ చెవి తమ్మె చీలి అతుక్కున్న మచ్చ ఉంది, ఎప్పుడో గాలం గుచ్చుకున్నది.

"మా పుంజు పందెం గెలిచింది, గెలిచి చచ్చింది. ఓడిన పుంజు బతికే ఉంది. గెలుపెవరిదంటావ్ నోంగ్?" అన్నాడు ఒకడు. పెద్దవాళ్లయితే మగవాళ్లను నోంగ్ అనీ, ఆడవాళ్లను నాంగ్ అనీ పిలవడం అక్కడి అలవాటు.

"నీళ్ల డబ్బా పక్కన కూర్చో."

"పక్కింటోడు రోజూ మైకు పెట్టి పాడుతున్నాడు. నేరమేనా?"

"ఎట్లా పాడతాడు?"

"దరిద్రంగా."

"అయితే లోపల అడుగు. ఆశ ఉంది."

ఒక ముసలావిడ విసనకర్రతో వచ్చింది. ఊళ్లో సగం మంది పిల్లలకు బాప్తిస్మం నాడు ఎత్తుకున్న జ్ఞానతల్లి ఆవిడే. క్రిస్మస్ వచ్చిందంటే కానుకల కోసం గుమ్మం ముందు బారులు తీరతారు. ఈ జ్ఞానతల్లి పదవికి రాజీనామా చెయ్యడం కుదురుతుందా అని ఆవిడ ప్రశ్న.

"పదవిచ్చినట్టు కాగితం ఉందా నాంగ్?"

"లేదు."

"ఇచ్చినట్టే కాగితం లేకపోతే మానేసినట్టు ఎట్లా ఇస్తావు?"

ఆవిడ పాపం ఆలోచనలో పడింది. బెర్తోకు చట్టం ముక్క తెలియదు. కాగితం ఉందా అని అడిగితే సగం మంది నోరు మూసుకుంటారని మాత్రం తెలుసు. కానీ ఈ ప్రశ్నలంటే అతనికి ప్రాణం. సాయంత్రం గదికి పోయి అన్నం వార్చుకుంటూ, ఇంతకీ గెలుపు ఏ పుంజుదా అని తల బద్దలుకొట్టుకుంటూ ఉంటాడు.

ఎండ ముదిరే వేళకు లావుపాటి మనిషి ఒకడు చెమటలు కక్కుతూ వచ్చాడు. పేరు దమాసో, రొట్టెలు కాలుస్తాడు. కమోతెస్ దీవుల నుంచి తెల్లవారుజాము పడవకు బయల్దేరి వచ్చాడు. గోళ్ల సందుల్లో ఇంకా పిండి ఉంది.

"ఇంటి గొడవే నోంగ్. కానీ అవతలివాడు పోయాడు."

"పోయినవాడితో గొడవేమిటి?"

"పోయాడో లేదో, అదే గొడవ. మా ఆవిడ సల్వాసియోన్‌కి మొదటి మొగుడొకడు ఉండేవాడు, ఎపిఫానియో అని. పడవ మునిగి పోయాడు. శవం దొరకలేదు. పోయినట్టేనని కోర్టు చెప్పాకే మేం పెళ్లాడాం. ఇద్దరు పిల్లలు. ఇప్పుడేమో ఎండుచేపలమ్మే మా మరదలు, ఈ ఊరి కార్బన్ బజార్లో వాణ్ని చూశానని ఒకటే గోల. వాడు బతికుంటే నా పెళ్లి గతేంటి? నా పిల్లలు ఎవరి పిల్లలు?"

బెర్తో చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ చెవి మీదికి పోయింది. ఎందుకంటే ఆ ఎపిఫానియో తనే. బెర్తో అన్నది పట్నంలో పెట్టుకున్న పేరు.

జరిగింది ఇదీ. పనికోసం పట్నం వస్తూ పడవ జాబితాలో పేరు రాయించుకున్నాడు. ఇంకా టైముంది కదా అని రేవులో కల్లు దగ్గర కూర్చున్నాడు. పడవ వెళ్లిపోయింది. తరవాతి పడవకు వచ్చి, మొదటిది మునిగిందని వారం పోయాక విన్నాడు. అప్పటికే ఊళ్లో తన ఆత్మశాంతికి తొమ్మిది రోజుల ప్రార్థన నడుస్తోంది. జనం వచ్చి ఏడ్చి, అన్నం తిని పోతున్నారు. మధ్యలో వెళ్లి నేనున్నానంటే ఏం బాగుంటుంది? అవి అయ్యాక వెళ్దామనుకున్నాడు. నలభయ్యోనాటి ప్రార్థన వచ్చింది, అదీ కానిమ్మన్నాడు. ఏడాది తిరిగి, భార్య సల్వా నల్లబట్టలు విడిచే రోజు విందుకు పందిని కొనిపెట్టారని తెలిసింది. అంత ఏర్పాటు జరిగాక దాన్ని చెడగొట్టడం మర్యాద కాదని ఆగిపోయాడు. మనిషిలో చెడ్డతనం ఇసుమంత లేదు. అంతా బద్ధకం, దాని మీద సిగ్గు. ఆమెకు మళ్లీ పెళ్లయిందని విన్నాక ఇక ఏ ముఖం పెట్టుకుని పోతాడు? తను బతికుండటం వల్ల సల్వాకు కేసేమైనా అవుతుందా అన్న భయం మాత్రం కడుపులో ఉండిపోయింది. పది అడుగుల దూరంలో లాయర్లున్నారు. వచ్చే శనివారం అడుగుదాం అనుకుంటూనే ఇన్నేళ్లు గడిపాడు.

"చెవిపోటా నోంగ్?" అన్నాడు దమాసో.

"గాలి కొట్టింది."

"వాడికీ చెవి మీద మచ్చ ఉంటుందట. ముఖం చూద్దామంటే పెళ్లి ఫొటోలో చెద తినేసింది. అన్యాయం చూడు. ఏటా నవంబరులో శ్మశానంలో పెద్ద సిలువ దగ్గర వాడికి కొవ్వొత్తులు వెలిగిస్తున్నా. నాసిరకం కాదు, మంచివి. పదకొండేళ్లు వెలిగించాక కూడా పోయినవాడు పోయినట్టు ఉండొద్దూ?"

బెర్తోకు నవ్వొచ్చింది, కళ్లూ చెమ్మగిల్లాయి. తన పేరున ఎవరో మంచి కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు.

"ఆవిడ ఏమంటుంది అతని గురించి?" అన్నాడు, చెవి వదలకుండా.

"రేపు చూద్దాం అనే మనిషంటుంది. బతికుంటే ఈపాటికి ఇంకా బయల్దేరుతూనే ఉంటాడట."

దమాసో వంతు వచ్చింది. బెర్తో నీళ్లిచ్చే నెపం మీద వెనకే లోపలికి వెళ్లి నిలబడ్డాడు. అటార్నీ మిరాండిల్లా చిన్నపిల్ల, కళ్లజోడు మాత్రం పెద్దది. అంతా విని నిదానంగా చెప్పింది.

"మీ పెళ్లికి ఢోకా లేదండీ. అతను బతికే ఉన్నానని ప్రమాణం చేసి, ఆ కాగితం మీ ఊరి రిజిస్ట్రారు దగ్గర నమోదైతే మాత్రం రద్దయిపోతుంది. పిల్లలు ఎప్పటికీ మీ పిల్లలే."

"మరి కాగితం లేకుండా వచ్చి మా గుమ్మంలో నిలబడితే?"

"నిలబడితే ఒక రొట్టె పెట్టి పంపించండి."

"అంటే నా సంసారం వాడి చేతిలో ఉందన్నమాట," అన్నాడు దమాసో.

బెర్తో గ్లాసు కింద పెట్టాడు. "అటార్నీ, నాదో సందేహం. ఆ మనిషి పోయినట్టే ఉండిపోదామనుకుంటే ఏం కాగితం పెట్టాలి?"

"ఏమీ అక్కర్లేదు నోంగ్ బెర్తో. ఊరుకుంటే చాలు. ఆవిడకి ఏ ఇబ్బందీ రాదు."

ఊరుకోవడం. జన్మలో అతనికి బాగా వచ్చిన పని అదొక్కటే. దానికి చట్టంలో చోటుందని ఇవాళ తెలిసింది. గుండె మీది బరువు దిగిపోయింది. దిగిన చోట మరో దిగులు వచ్చి కూర్చుంది. బజార్లో చూసిన మరదలు మళ్లీ చూడదని ఏముంది? రెక్క పట్టుకుని ఊరికి ఈడ్చుకుపోతే, బతికున్నట్టు కాగితం ఎవరో ఒకరు పెట్టిస్తారు.

గేటు దగ్గర దమాసో చేతిలోని కాగితం పొట్లం అందించాడు.

"తీసుకో నోంగ్. కొబ్బరి లౌజు పెట్టిన రొట్టెలు. కాల్చేది నేను, లౌజు మా ఆవిడది. అందులో ఉప్పు ఎక్కువేస్తుంది. బేరాలు పోతున్నాయన్నా మానదు. ఎవరికిష్టమని అంటే, పాత అలవాటంటుంది."

పెద్ద పొట్లం, రెండు చేతులా పట్టుకోవాలి. బెర్తో చెవి మీది చెయ్యి తీసి అందుకున్నాడు. దమాసో చూపు ఆ చెవి మీద పడింది, అక్కడే ఆగిపోయింది. రోడ్డు మీద జనాన్ని ఎక్కించుకున్న జీప్నీ బండి ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

"కొవ్వొత్తులు మాననులే నోంగ్," అన్నాడు దమాసో చివరికి, నేల చూస్తూ. "మంచివే వెలిగిస్తా."

"మంచిది తమ్ముడూ. ఎండగా ఉంది, నీడన పో."

దమాసో రెండడుగులు వేసి వెనక్కి వచ్చి, బెర్తో చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు, పెద్దవాళ్లకు చేసినట్టు. మరి వెనక్కి చూడకుండా రేవు వైపు వెళ్లిపోయాడు.

సాయంత్రం తాళం వెయ్యడానికి వచ్చిన అటార్నీకి గేటు దగ్గర బెర్తో కనబడలేదు. ఎదురు కొట్టులో ఉన్న ఆవిడను అడిగింది.

"దక్షిణాన ఎక్కడో ఉన్న మిందనావ్ దీవికి పోతున్నానన్నాడు అటార్నీ. అక్కడెవరున్నారంటే చెప్పలేదు. సోమవారం జీతం తీసుకుని పోరాదా అన్నాను. వద్దు, ఇవాళే పోవాలన్నాడు."

అటార్నీ అతని కుర్చీ దగ్గరికి వచ్చింది. నీలం చొక్కా మడత పెట్టి ఉంది. దాని మీద, నలిగిన కాగితంలో, ఒక్క కొరుకు కొరికిన కొబ్బరి రొట్టె ఉంది.