మేకు కొట్టని గోడ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కోలారు బంగారు గనుల పక్కనుండే మా ఊరిగాంలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. కాదనను. రైల్లో సీటు మీద సంచి పెట్టి చోటు ఆపేవాళ్ల మీద, కూరలో ఉప్పు వేశాక ‘ఉప్పు వేశావా’ అని అడిగేవాళ్ల మీద నేను అరవని రోజు లేదు. కానీ ఈ వేసవిలో వచ్చిన కోపం వేరు. అంతా విని తప్పు ఎవరిదో మీరే చెప్పండి.

పద్నాలుగేళ్లుగా బెంగళూరులో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తున్నాను. తెల్లారకముందే రైలెక్కాలి, పొద్దుపోయాక దిగాలి. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. మొన్న మార్చిలో మా దగ్గరి బడి హెడ్‌మిస్ట్రెస్ నేత్రావతి గారు, వాళ్ల చెల్లెలింటి విందులో నేను వండిన సంగటి, ఉలవచారు తిని, ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు.

“మా టీచర్లు, ఆయాలు అంతా కలిసి అరవై మంది. బడి తెరిచినప్పట్నుంచీ దినామూ మద్యాన్నం బువ్వ నువ్వే పెట్టాల మునిలక్ష్మీ. కానీ లైసెన్సు కాపీ నా చేతికి రావాల. మే నెల ఆఖరి శనివారం మేనేజ్‌మెంటు మీటింగు ఉండాది. ఆ దినానికి లేకుంటే కోలారు కేటరింగు వాళ్లకు ఇచ్చేస్తారు” అన్నారు.

ఆమె వీధి మలుపు తిరగకముందే నేను నిర్ణయం తీసేసుకున్నాను. మా ఇంటి ముందు వసారాలో నాలుగు బల్లలు వేసి మెస్ పెడతాను. బడి భోజనం నిలకడగా ఉంటే మిగతా గిరాకీ అదే వస్తుంది. వారం తిరక్కుండా హాస్టల్లో మానేస్తానని చెప్పేశాను. వాళ్లు వెంటనే వేరే మనిషిని పెట్టుకున్నారు. అంటే ఇంక వెనక్కి పోవడానికి లేదు. లైసెన్సు రాకపోతే నాకూ అమ్మకూ పొయ్యి వెలగదు.

మా ఇల్లు గనుల కాలం నాటి లైను ఇల్లు. కార్మికుల కోసం కంపెనీ వరసగా కట్టిన ఇళ్లలో ఒకటి. మా తాత కుప్పం పక్క పల్లె నుంచి గనిలోకి దిగడానికి వచ్చి ఈ ఇంట్లోనే చేరాడు. మా అప్ప, అంటే నాన్న, చౌడప్ప ఈ ఇంటి నుంచే ముప్పై ఏళ్లు గనిలోకి దిగాడు. కంపెనీ మూసినప్పుడు ఇల్లు అప్ప పేరుకు రాసిచ్చారు. ఆయన పోయాక అమ్మ పేరుకు మారింది. పన్ను రసీదు మీద సొన్నమ్మ అని ఉంటుంది. అయినా అమ్మ నోట ఇప్పటికీ ‘కంపెనీ ఇల్లు’ అనే వస్తుంది. మా దగ్గర పెద్దవాళ్లంతా అలాగే అంటారు కాబట్టి నేను పట్టించుకోలేదు.

నాకు చిరాకు తెప్పించేది ఇంకొకటి. అమ్మ ఈ ఇంటి గోడకు మేకు కొట్టనివ్వదు. క్యాలెండరును కిటికీ ఊచకు దారంతో కట్టుకున్నాం. అప్ప ఫోటో దండతో సహా ట్రంకు పెట్టె మీద గోడకు ఆనించి ఉంటుంది. పిల్లి పక్కనుంచి పోతే చాలు, అప్ప బోర్లా పడతాడు. “ఒక్క మేకు కొడితే ఏమైతాది మా?” అని అడిగితే “గోడకు దెబ్బ తగల్తాది” అంటుంది. నలభై ఏళ్లుగా అదే జవాబు.

సరే, లైసెన్సు. స్టేషన్ దగ్గర నెట్ సెంటర్ పురుషోత్తమ్ ఫుడ్ రిజిస్ట్రేషన్‌కు నా ఆధార్, ఫోటో ఎక్కించాడు. అది నొప్పి లేకుండా వచ్చేసింది. అసలు తలనొప్పి నగరసభ, అంటే మున్సిపాలిటీ, ఇచ్చే ట్రేడ్ లైసెన్సుతో. ఇంటి పన్ను రసీదు, ఇంటి యజమాని ఒప్పుకోలు పత్రం, వంటగది నక్ష, నీళ్ల పరీక్ష రిపోర్టు, వండే మనిషికి రోగాలేమీ లేవని డాక్టరు సర్టిఫికెట్, హోటళ్ల గ్యాస్ కనెక్షను, మంట ఆర్పే సిలిండరు. పురుషోత్తమ్ చదువుతుంటే నాకు ఊపిరాడలేదు.

నీళ్లు సీసాలో పట్టుకుని బస్సెక్కి కోలారు పోయాను. ల్యాబులో అమ్మాయి సీసా చూసి, జ్యూసు సీసాలో తెస్తే తీసుకోము పో అంది. వాళ్లిచ్చే సీసా తీసుకుపోయి అందులో పట్టుకు రావాలట. ఆ ముక్క ముందే గోడ మీద రాసిపెట్టడానికి మీకేం రోగం అని అడిగాను. వరసలో ఉన్నవాళ్లంతా నన్నే చూశారు. మళ్లీ ఇంటికొచ్చి, మళ్లీ కోలారు పోయాను. వంటగది నక్ష స్కేలు పెట్టి నేనే గీశాను. పెరట్లో రేకుల కింద పొయ్యి, కడిగే తొట్టి, కాలువ, అన్నీ. నగరసభ గుమస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి “తలుపు యాడుండాది?” అన్నాడు. తలుపు గీయడం మరిచిపోయిన మాట నిజమే. తలుపు లేకుండా ఎగిరి దూకి వండుతానా అని అడిగాను. తలుపు గీసుకుని రమ్మన్నాడు. రెండు రోజులు పోయాయి.

ఒప్పుకోలు పత్రం మీద అమ్మ, ఏంటని అడక్కుండానే నేను చూపించిన చోట సంతకం పెట్టింది. చివరికి అన్నీ కుదిరాయి. ఇంక మిగిలింది ఒక్కటే. హెల్త్ ఇన్‌స్పెక్టర్ ఇల్లు చూసి రిపోర్టు రాయాలి. ఆయన పేరు ఉమేశ్. బడి మీటింగున్న వారంలోనే, సోమవారం వస్తానన్నాడు, రాలేదు. మంగళవారం కాళ్లకు మేకులు కొట్టినట్టు ఇంట్లోనే కూర్చున్నాను, రాలేదు. బుధవారం స్టీలు ప్లేట్ల కోసం రాబర్ట్‌సన్‌పేట బజారుకు పోయి గంటలో తిరిగొచ్చాను.

అమ్మ వసారాలో కూర్చుని తీరిగ్గా ఆకు నములుతోంది. వసారా బోసిగా ఉంది. బల్లలు లేవు. నేను రాయించిన ‘మునిలక్ష్మి మెస్’ బోర్డు లేదు. పెరట్లోకి పరిగెత్తాను. కొత్త పొయ్యి మీద తడి చీరలు ఆరేసి ఉన్నాయి. గిన్నెలన్నీ మంచం కింద, వాటి మీద గోనెపట్టా. బల్లలు కట్టెల చాటున బోర్లా ఉన్నాయి.

“ఏమైంది మా? ఎవురొచ్చినారు?”

“ఒగాయన వచ్చినాడు. చేతిలో రిజిస్టరు. మూల ఇంటి కాడ మన ఇల్లు యాడని అడగతా ఉంటే చూసినా. ఆడ కాఫీ తాగి ఆయన వచ్చేలోగా అంతా సర్దేసినా” అంది. మొహంలో గెలిచిన సంతోషం. “ఈడ యాపారం ఏమీ లేదు సామీ, ఇది కంపెనీ ఇల్లు, మేము ఉండేవాళ్లం అంతే అని చెప్పి పంపించేసినా. నువ్వేం బయపడొద్దు.”

నాకు ఒళ్లంతా మంట పెట్టినట్టయింది. ప్లేట్ల సంచి కింద పడేశాను. అరవై తొమ్మిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పని నీళ్ల బిందె ముట్టదు, నాలుగు బల్లలు మోసి దాచిపెట్టింది!

“నా కొంప ముంచినావు కదా మా! రెండు నెలలు కాళ్లరిగేలా తిరిగినా. ఆయన కోసమే కదా కాసుకొని ఉండేది!”

“లైన్లో యాపారం చేస్తే ఇల్లు పీకేస్తారు.”

“ఎవురు పీకేది? కంపెనీ మూసి ఇరవై ఏండ్ల పైన అయింది!”

“మూస్తే? గోడలు ఉండాయి కదా.”

“నీకు మతి పోయింది. నువ్వు బతికినన్నాళ్లూ నన్ను బతకనియ్యవు” అన్నాను. అనకూడని మాట. అనేశాను. ఇప్పుడైనా బుకాయించి ఏం లాభం?

అమ్మ నములుతున్నది ఆపింది. కొంగు అంచు మెలిపెట్టింది. తర్వాత తల ఎత్తకుండానే చెప్పింది.

“నువ్వు ఒకటో తరగతి. మొదటి షిఫ్టుకు పొయ్యేవాళ్లకు నేను ఈ వసారాలోనే ఇడ్లీలు అమ్మినా. ఎనిమిది నెలలు. బాగా పొయ్యేవి. ఒగదినం లైను ఇన్‌స్పెక్టరు వచ్చినాడు. ఇట్లే, రిజిస్టరు పట్టుకొని. కంపెనీ ఇంట్లో అంగడి పెడతావా అని ఇడ్లీ పాత్రను కాల్తో తన్నినాడు. నీ పలక తగిలించేదానికి మీ అప్ప కొట్టిన మేకును చూసి దానికీ ఫైను రాసినాడు. పదైదు దినాలు మీ అప్పను పనిలోకి రానీలేదు. మీ అప్ప వాని కాళ్లు పట్టుకున్నాడు లచ్చిమీ. నేను ఆ తలుపు కాడ నిలబడి చూసినా.”

ఇడ్లీలు నాకు గుర్తున్నాయి. అవి ఎందుకు ఆగిపోయాయో ఎప్పుడూ అడగలేదు. నాకు కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. కానీ అది అమ్మ మీద నిలవలేదు. ఆ లైను ఇన్‌స్పెక్టరు ఎదురుగా ఉంటే వాడి రిజిస్టరు పొయ్యిలో పెట్టేదాన్ని. వాడు ఎప్పుడో పోయి ఉంటాడు. పోయినవాడి మీద ఎంత అరిచి ఏం లాభం?

గురువారం పొద్దున్నే ఆఫీసుకు పోయి ఉమేశ్ ముందు నిలబడ్డాను. జరిగిందంతా చెప్పాను. మంచివాడే. నవ్వలేదు.

“రాసింది నా అంతట నేను కొట్టేసేదానికి లేదమ్మా. ఇంటి ఓనరు ఆమె. ఇల్లు కంపెనీది, యాపారం లేదు అని ఆమే చెప్పింది. మల్లా ఆమే నా ముందర మార్చి చెప్పాల, సంతకం చెయ్యాల. రేపు పది గంటలకు వస్తా. శనివారం తరవాత నేను ట్రైనింగుకు పోతాండా” అన్నాడు.

ఆ రాత్రంతా అమ్మకు చెబుతూనే ఉన్నాను. ఒక్క ముక్క చాలు, ‘ఇల్లు నాది’ అంటే చాలు అన్నాను. తల ఊపింది.

శుక్రవారం ఉమేశ్ చెప్పిన వేళకే వచ్చాడు. పొయ్యి చూశాడు, కాలువలో నీళ్లు పోయించి చూశాడు, బల్లల మధ్య నడిచి చూశాడు. అన్నీ బాగున్నాయన్నాడు. వసారాలో కుర్చీ వేసుకుని రిజిస్టరు తెరిచాడు.

“ఇంగ చెప్పు అజ్జీ. ఈ ఇల్లు ఎవురిది?”

అమ్మ లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది. చూపు రిజిస్టరు మీదే ఉంది.

“చెప్పు మా.”

“కం...” అంది.

నాకు ఇంక తట్టుకోవడం కాలేదు. బయటి మనిషి ఉన్నాడని కూడా చూడలేదు. “ఇన్నేండ్లు పన్ను కట్టింది ఎవురు? కంపెనీనా? రొమ్ములో దుమ్ము నింపుకొని అప్ప ఈ ఇంట్లోనే దగ్గి దగ్గి చచ్చిపోయినాడు కదా. అప్పుడు తొంగి చూడని కంపెనీ ఇప్పుడు యాడ నుంచి వచ్చింది మా? ఫోటోగా మారినంక కూడా ఆయప్పకు ఈ ఇంట్లో ఒక్క మేకు లేదు!”

అమ్మ నా వైపు చూసింది. ఆ కళ్లలో నేనెప్పుడూ చూడని కోపం ఉంది. లోపలికి వెళ్లిపోయింది. ఇంక అయిపోయింది, పోయి మంచం మీద పడుకుంటుంది అనుకున్నాను. ఉమేశ్ పెన్ను మూత పెట్టాడు.

అమ్మ తిరిగొచ్చింది. ఒక చేతిలో అల్లం దంచే గుండ్రాయి. ఇంకో చేతిలో, బోర్డు కోసం నేను తెచ్చిన మేకుల్లో ఒకటి. నేరుగా వసారా గోడ దగ్గరికి పోయి మేకు ఆనించి కొట్టింది. మొదటి దెబ్బ బొటనవేలి మీద పడింది. నేను ముందుకు వెళ్లబోతే మోచేత్తో తోసేసింది. రెండో దెబ్బకు సున్నం పెచ్చు రాలింది.

“నా ఇడ్లీ పాత్ర తంతావురా” అంది. కొట్టింది. “నా మొగుని చేత కాళ్లు పట్టించుకుంటావురా” అంది. కొట్టింది. తర్వాత అన్న మాటలు నేను రాయను. నాకు కోపం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది.

మేకు సగానికి పైగా దిగింది. అమ్మ లోపలికి పోయి అప్ప ఫోటో తెచ్చి, కొంగుతో అద్దం తుడిచి తగిలించింది. కొంచెం పక్కకు ఒరిగింది. సరిచేసింది. అప్పుడు ఉమేశ్ వైపు తిరిగింది. రొప్పుతోంది.

“రాసుకోప్పా. ఈ ఇల్లు సొన్నమ్మది. నా కూతురు ఈడ వండి అమ్ముతాది. ఎవురన్నా కాదంటే నా ముందరకి రమ్మను.”

ఉమేశ్ రాసుకున్నాడు. అమ్మ సంతకం చేసింది. వేలి రక్తం కాగితం మీద కూడా అంటింది. ఆయన రిజిస్టరు మూశాడు.

“రేపు పొద్దున పదికి వచ్చి లైసెన్సు తీసుకోమ్మా. మీ మీటింగుకు అందుతాది” అని లేచాడు. మెట్టు దిగబోతూ ఆగి, “ఆ లైసెన్సు వచ్చేవాళ్లకు కనిపించేటట్టు గోడకు తగిలించాల. రూలు” అన్నాడు.

అమ్మ బొటనవేలు నోట్లోంచి తీసింది.

“దానికి ఇంగొక మేకు కొట్టుకోండి. ఇది మా ఆయనది.”